కాగితం మీద యజమానిని: ఒకే కంపెనీకి డెలివరీ వెండర్‌గా నా అనుభవం

2019లో బెంగళూరులో డెలివరీ వెండర్‌గా, అంటే ఒక పెద్ద కంపెనీ పార్శిళ్లను నా వ్యాన్లతో, నా మనుషులతో ఇళ్లకు చేర్చే కాంట్రాక్టర్‌గా, పని మొదలుపెట్టాను. 2023లో కంపెనీ కాంట్రాక్టు రద్దు చేసింది. రావలసిన డబ్బు కోసం ఆ తర్వాత కూడా చాలా నెలలు తిరిగాను. ఆ కాలమంతా నా పేరు మీద జీఎస్టీ నంబరు ఉంది, పీఎఫ్ కోడ్ ఉంది, ఈఎస్ఐ కోడ్ ఉంది, చిన్న సంస్థగా ప్రభుత్వ నమోదు (మొదట ఉద్యోగ్ ఆధార్, తర్వాత ఉద్యమ్ సర్టిఫికెట్) ఉంది, వ్యాన్ల మీద బ్యాంకు లోను ఉంది. ఏ ఆఫీసుకు వెళ్లినా యజమాని సంతకం పెట్టాల్సిన చోట నాచేతే పెట్టించారు. కానీ నాకు పని ఇచ్చేది ఒకే ఒక్క కంపెనీ. రేటు వాళ్లు చెప్పేవారు, రూటు వాళ్లు చెప్పేవారు. నా దగ్గర ఎవరు పనిలో ఉండాలో కూడా చివరికి వాళ్ల యాప్ తేల్చేది.

కె.ఆర్.పురం, హోస్కోటె, బొమ్మసంద్ర వైపు ఇలాంటి వెండర్లలో నాకు తెలిసిన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. బాకీ ఎలా వసూలైందో వాళ్లకు ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను. మమ్మల్ని స్వతంత్ర వ్యాపారులుగా లెక్కగట్టడం ఎంతవరకు న్యాయమో నాకు తెలిసినంతలో చెప్పాలని కూడా.

మాది హిందూపురం. అంతకుముందు ఒక కొరియర్ హబ్‌లో షిఫ్ట్ సూపర్‌వైజర్‌గా పనిచేశాను కాబట్టి పార్శిళ్ల పని నాకు కొత్త కాదు. వెండర్లు కావాలని తెలిసి దరఖాస్తు పెట్టాను. పాన్, జీఎస్టీ, క్యాన్సిల్డ్ చెక్కు, సెక్యూరిటీ డిపాజిట్, వ్యాన్ల ఆర్‌సీలు, డ్రైవర్ల పోలీసు వెరిఫికేషన్ అన్నీ అడిగారు. లోను కోసం ఉద్యోగ్ ఆధార్ నమోదు అప్పుడే చేయించుకున్నాను, 2020లో ఉద్యమ్ వచ్చాక దానికి మార్చుకున్నాను. చివర్లో ఆ కాగితమే నన్ను కాపాడింది.

అగ్రిమెంటు ఇంగ్లీషులో, చాలా పేజీలు. రెండు స్వతంత్ర సంస్థల మధ్య ఒప్పందమనీ, యజమాని-ఉద్యోగి సంబంధం ఏ రూపంలోనూ లేదనీ మొదటి పేజీల్లోనే ఉంది. వెండర్ ఇతర కంపెనీలకు కూడా పనిచేసుకోవచ్చని ఇంకోచోట ఉంది. కంపెనీ 30 రోజుల నోటీసుతో, కారణం చెప్పకుండా రద్దు చేయొచ్చు. నేను మానుకోవాలంటే 90 రోజులు. రేట్ కార్డును కంపెనీ ఎప్పుడైనా మార్చవచ్చు. ఒక్క మాట మార్చమన్నా కుదరదని ముందే చెప్పారు. అందరికీ ఒకటే అగ్రిమెంటు అన్నారు.

పని బాగానే సాగింది. మదనపల్లె, కదిరి, చింతామణి, ముళబాగిలు నుంచి వచ్చిన కుర్రాళ్లు నా దగ్గర చేరారు. మొదట ఐదారుగురు, తర్వాత పాతిక మంది దాటారు. సగం తెలుగు, సగం కన్నడ మాట్లాడే పిల్లలు. వాళ్లకు గదులు చూసిపెట్టింది నేను, పండగకు అడ్వాన్సు ఇచ్చింది నేను. ఇంట్లో గొడవైతే ఫోన్ చేసేదీ నాకే. పొద్దున మాత్రం స్టేషన్‌లో (పార్శిళ్లు పంచే కంపెనీ గోడౌన్‌లో) అడుగుపెట్టగానే వాళ్లు కంపెనీ మనుషులు. కంపెనీ రంగు చొక్కా, వ్యాను మీద కంపెనీ స్టిక్కరు, చేతిలో కంపెనీ యాప్. ఏ పార్శిల్ ముందు ఇవ్వాలో, ఏ వీధి తర్వాత ఏ వీధికి పోవాలో యాప్ చెబుతుంది. కస్టమర్ రేటింగ్ తగ్గినా, ఫేక్ రిమార్క్ (వెళ్లకుండానే కస్టమర్ లేరని రాయడం) అనే అనుమానం వచ్చినా ఆ కుర్రాడి యాప్ ఐడీ బ్లాక్ అవుతుంది. "అక్కా, ఐడీ పోయింది" అని ఫోన్ వస్తే నేను చేయగలిగేది స్టేషన్ ఇన్‌ఛార్జ్‌కి మెయిల్ పెట్టడమే. జవాబు రాకపోతే ఆ కుర్రాడికి పని లేదు. కానీ రికార్డులో అతన్ని పనిలోంచి తీసింది నేనే. అతని లెక్క తేల్చి పంపాల్సిందీ నేనే.

డబ్బు సంగతి ఇంకా కష్టం. జీతాలు ప్రతి నెలా ఏడో తేదీలోపు ఇవ్వాలి. బిల్లు వేసిన మరుసటి నెలలోనే 18 శాతం జీఎస్టీ కట్టాలి, డబ్బు మన చేతికి వచ్చినా రాకపోయినా. కంపెనీ చెల్లించేది 60 రోజులకు. అదీ ఆదాయపు పన్ను చట్టం 194సి సెక్షన్ కింద 1 శాతం టీడీఎస్ కోసుకుని. అంటే ఎప్పుడు చూసినా రెండు నెలల జీతాలు, డీజిల్, పన్ను నా జేబులోంచి ముందే పెట్టి ఉండాలి. కరెంట్ ఖాతా మీద ఓవర్‌డ్రాఫ్ట్, అది చాలనప్పుడు బంగారం లోను. అంత పెద్ద కంపెనీ తన పని నడపడానికి నా గాజుల మీద అప్పు తెచ్చుకుంటోందని ఒక రాత్రి లెక్కలు రాస్తుంటే అనిపించి నిద్ర పట్టలేదు.

హోస్కోటె రోడ్డులో మా డ్రైవర్‌ను లారీ గుద్దింది. కాలు విరిగింది. ఈఎస్ఐ సక్రమంగా కట్టి ఉన్నాం కాబట్టి ఆస్పత్రి ఖర్చు గురించి భయపడలేదు. పనిచేస్తూ గాయపడితే కోలుకునేదాకా జీతంలో 90 శాతం ఈఎస్ఐ ఇస్తుంది. ప్రమాదం రిపోర్టులో యజమాని పేరు దగ్గర నా పేరు రాసి సంతకం పెట్టాను. ఆ వారంలోనే అతని రూటు ఇంకో వెండర్‌కి వెళ్లిపోయింది, పార్శిళ్లు ఆగకూడదు కదా అని. అతను కోలుకుని తిరిగొచ్చాక ఆ రూటు మాకు రాలేదు. నేను యజమానిననే మాట ఆస్పత్రి దగ్గర చెల్లింది, స్టేషన్ దగ్గర చెల్లలేదు.

వేరే కంపెనీలకు పనిచేసుకోవచ్చని అగ్రిమెంటులో ఉందిగా, ఆ దారీ చూశాను. మందుల డిస్ట్రిబ్యూటర్ ఒకాయన మధ్యాహ్నం పూట రెండు వ్యాన్లు కావాలన్నారు. స్టిక్కరు ఉన్న వ్యానులో వేరే సరుకు వేయకూడదని ఇంకో క్లాజు. సరే, స్టిక్కరు లేని వ్యాన్లు పెడదామనుకున్నాను. మధ్యాహ్నం అడ్‌హాక్ రూట్లకు (అప్పటికప్పుడు ఇచ్చే అదనపు రూట్లకు) వ్యాన్లు సిద్ధంగా ఉండాలన్నారు ఇన్‌ఛార్జ్. "మేడమ్, మీరు అక్కడా ఇక్కడా అంటే మాకు కష్టం" అని నెమ్మదిగానే చెప్పారు. ఆ తర్వాత వారం మా రూట్లు తగ్గాయి. ఎవరూ బెదిరించలేదు, ఏదీ రాసివ్వలేదు. డిస్ట్రిబ్యూటర్‌కి కుదరదని చెప్పేశాను.

మా ఆడిటర్‌తో దీని మీద చాలాసార్లు వాదన జరిగింది. ఆయన బెంగళూరులో చాలా ఏళ్లుగా చిన్న ఫ్యాక్టరీల లెక్కలు చూస్తున్న మనిషి. "పీణ్యాలో ఎన్ని యూనిట్లు ఒకే పెద్ద ఫ్యాక్టరీకి విడిభాగాలు చేసి బతికాయో తెలుసా అమ్మా? వాళ్లు వ్యాపారులు కాదంటావా?" అన్నారు. పీణ్యా బెంగళూరులోని పారిశ్రామికవాడ. ఆ మాట కొట్టిపారేసేది కాదు. హెచ్ఎంటీ, బీఈఎల్, హెచ్ఏఎల్ లాంటి సంస్థల చుట్టూనే ఈ ఊళ్లో ఎన్నో చిన్న పరిశ్రమలు పెరిగాయి. ఒకే కస్టమర్ ఉన్నంత మాత్రాన వ్యాపారం కాకుండా పోదు. నేను ఆలోచించింది ఇది: పీణ్యాలో లేత్ యంత్రం పెట్టుకున్నాయన డ్రాయింగ్ చూసి తన ధర తను చెబుతాడు. కుదరకపోతే ఆ యంత్రం మీదే ఇంకొకరి పని చేస్తాడు. అతని పనితనం అతనితోనే ఉంటుంది. నా దగ్గర ఏముంది? ధర చెప్పే అవకాశం ఒక్కసారీ రాలేదు. ఏ ఇంట్లో ఎవరు ఉంటారు, ఏ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఎంతసేపు ఆపుతారు అని మా కుర్రాళ్లు నేర్చుకున్నదంతా కంపెనీ యాప్‌లోకి పోయింది. కస్టమర్లకు నా సంస్థ పేరు కూడా తెలియదు.

ఒక నెల చివర్లో మెయిల్ వచ్చింది. వచ్చే ఒకటో తేదీ నుంచి పార్శిల్‌కు 1.50 రూపాయలు తక్కువ. డీజిల్ పెరిగింది, జీతాలు పెరిగాయి, రేటు తగ్గింది. వెండర్లం కొందరం కలిసి మాట్లాడదామని వెళితే, ఒక్కొక్కరూ విడివిడిగా రావాలన్నారు. విడిగా వెళ్లిన ప్రతి ఒక్కరికీ ఒకే జవాబు.

తర్వాత డెబిట్ నోట్లు, అంటే మా బిల్లులోంచి కోసుకునే మొత్తాల కాగితాలు. పోయిన పార్శిళ్లు, క్యాష్ షార్టేజ్, పెనాల్టీలు అన్నీ కలిపి ఎప్పటివో నెలల కిందటి లెక్కలు ఒక ఎక్సెల్ షీటులో పంపేవారు. స్కాన్ రికార్డు వాళ్ల దగ్గరే, సీసీటీవీ వాళ్ల దగ్గరే. తప్పు మాది కాదని చూపించడానికి మా చేతిలో ఏ ఆధారమూ లేదు. కొన్నిసార్లు నిజంగా మా కుర్రాళ్ల తప్పే, అవి ఒప్పుకున్నాను. మిగతావి ఎందుకు కోశారో ఇప్పటికీ తెలియదు.

2023 మధ్యలో రద్దు నోటీసు వచ్చింది. నెట్‌వర్క్‌లో మార్పులు, 30 రోజులు. సంస్థను ఎవరికైనా అమ్ముదామని చూశాను. అగ్రిమెంటు బదిలీ చేయాలంటే కంపెనీ అనుమతి కావాలి, అది ఇవ్వరు. అమ్మడానికి మిగిలింది పాత వ్యాన్లు. డ్రైవర్లలో ఎక్కువమంది గడువు ముగిసిన మర్నాడే ఇంకో వెండర్ కింద చేరారు. అదే స్టేషన్, అదే రూటు, అదే చొక్కా, అదే ఐడీ. జీతం స్లిప్పు మీద పేరొక్కటే మారింది. వాళ్లను తప్పుపట్టను, చేరమని నేనే చెప్పాను. కానీ ఆ రోజు నాకు విషయం స్పష్టంగా కనిపించింది. నేను తప్పుకుంటే ఒక్క పార్శిల్ కూడా ఆలస్యం కాలేదు. అది నా వ్యాపారమే అయితే ఏదో ఒకటి నాతో రావాలి, లేదా నేను లేక ఏదో ఒకటి ఆగాలి. రెండూ జరగలేదు. నాతో వచ్చింది అప్పు ఒక్కటే.

చివరి నెలల బిల్లులు, డిపాజిట్ కంపెనీ దగ్గరే ఉండిపోయాయి. కొత్త డెబిట్ నోట్లు చూపించి ఇవ్వం అన్నారు. అగ్రిమెంటు ప్రకారం గొడవ వస్తే ఢిల్లీలో ఆర్బిట్రేషన్, అంటే కోర్టు బయట మధ్యవర్తి ముందు తేల్చుకోవడం. అక్కడికి వెళ్లి లాయర్‌ను పెట్టుకునే స్తోమత ఎక్కడిది? హైకోర్టులో ప్రాక్టీసు చేసే ఒక లాయరమ్మను కలిశాను. ఆమె మొదట అడిగింది, "ఉద్యమ్ ఎప్పుడు తీసుకున్నారు?" అని. పని మొదలుపెట్టక ముందే ఉద్యోగ్ ఆధార్ ఉంది, దాన్నే తర్వాత ఉద్యమ్‌గా మార్చుకున్నాను అన్నాక ఆమె ముఖం తేటపడింది. కాంట్రాక్టు అయ్యాక చేసుకున్న నమోదుతో పాత బాకీలకు చిన్న సంస్థల చట్టం లాభం రాదని 2021లో సిల్పి ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందట.

ఆమె చెప్పినవి వెండర్లందరూ తెలుసుకోవాలి. చిన్న సంస్థల కోసం తెచ్చిన 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు చెల్లింపు గడువు, ఒప్పందంలో ఏం రాసుకున్నా, 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా. అప్పుడు బ్యాంక్ రేటు 6.75 శాతం, అంటే వడ్డీ 20.25 శాతం. సేవ అందిన 15 రోజుల్లోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే కొనుగోలుదారు దాన్ని అంగీకరించినట్టే లెక్క. నెలల తర్వాత వచ్చిన డెబిట్ నోట్ల మీద మాకు దొరికిన గట్టి పట్టు ఇదే. ఢిల్లీ ఆర్బిట్రేషన్ క్లాజు ఉన్నా సరే, మన సంస్థ ఉన్న రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కే (చిన్న సంస్థల బాకీ గొడవలు తేల్చే ప్రభుత్వ మండలికే) వెళ్లొచ్చు. 2022లో మహాకాళి ఫుడ్స్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని స్థిరపరిచింది. కౌన్సిల్ అవార్డు (తీర్పు) మీద కంపెనీ కోర్టుకు వెళ్లాలంటే ముందు 75 శాతం డబ్బు డిపాజిట్ చేయాలి.

కౌన్సిల్‌కు వెళ్లడానికి అప్పట్లో ఉన్న ప్రభుత్వ వెబ్‌సైటు సమాధాన్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టడం కష్టమేమీ కాలేదు. ఉద్యమ్ నంబరు, ఒక్కో ఇన్‌వాయిస్ తేదీ, మొత్తం, వర్క్ ఆర్డర్, రాసుకున్న మెయిళ్లు. కష్టమల్లా ఆ మెయిళ్లు వెతకడం. రద్దయిన రోజే కంపెనీ పోర్టల్‌లో నా లాగిన్ ఆగిపోయింది. నా సొంత మెయిల్‌కి వచ్చినవి, మా సూపర్‌వైజర్ ఫోన్‌లో తీసిపెట్టిన స్క్రీన్‌షాట్లు దిక్కయ్యాయి.

రాజీ సమావేశంలో కంపెనీ లాయర్ ఒకే వాదన పట్టుకున్నారు. ఆమె స్వతంత్ర వ్యాపారి, అన్నీ చదువుకుని సంతకం పెట్టింది, డెబిట్ పాలసీ ఆమెకు తెలుసు. నా వంతు వచ్చినప్పుడు రేటు గురించి, ఐడీల గురించి, అడ్‌హాక్ వ్యాన్ల గురించి చెప్పడం మొదలుపెట్టాను. కౌన్సిల్ సభ్యులు ఓపిగ్గానే విన్నారు. విని, ఇక్కడ చూసేది సేవ అందిందా, డబ్బు బాకీ ఉందా అన్నదే అన్నారు. వాళ్ల అధికార పరిధి అంతే, వాళ్ల తప్పు లేదు. ఇక్కడ డబ్బు రావాలంటే నేను వ్యాపారిని అయి తీరాలి. నేను అంత స్వతంత్రురాలిని కాదని నిజం చెబితే నా కేసుకే దెబ్బ.

బయటికొచ్చాక లాయరమ్మను అడిగాను, మరి ఆ సంగతి వినేవాళ్లు ఎవరు అని. ఆమె పాత తీర్పులు చెప్పింది. 1973లో మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన సిల్వర్ జూబ్లీ టైలరింగ్ హౌస్ కేసు: ముక్కకు ఇంత చొప్పున కుట్టే దర్జీలు, వేరేచోట కుట్టుకునే వీలున్నా, బాగోలేదని మళ్లీ కుట్టించే హక్కు షాపుకు ఉంది కాబట్టి వాళ్లు షాపు పనివాళ్లేనని సుప్రీంకోర్టు అంది. 1978లో హుస్సేన్‌భాయ్ కేసు: కేరళలో తాళ్లు తయారుచేసే ఫ్యాక్టరీ, కార్మికులు కాంట్రాక్టర్ల మనుషులని వాదించింది. ఎవరి చేతిలో కార్మికుడి కూడు, పని ఉన్నాయో వాళ్లే అసలు యజమాని అని జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు. "వీటి ప్రకారం మీ డ్రైవర్లు కంపెనీ పనివాళ్లని వాదించవచ్చు. మధ్యలో ఉన్న మీ గురించి ఇవేవీ మాట్లాడవు" అంది.

అమెరికాలోనూ ఇదే దారి. 2014లో ఫెడెక్స్ గ్రౌండ్ కాలిఫోర్నియా డ్రైవర్లు స్వతంత్ర కాంట్రాక్టర్లు కాదు, ఉద్యోగులేనని అక్కడి ఫెడరల్ అప్పీలు కోర్టు చెప్పింది. యూనిఫాం, ట్రక్కు రంగు, పని వేళల మీద కంపెనీ పట్టు చూసి. తర్వాత ఆ కంపెనీ చాలా రూట్లు కలిపి నడిపే చిన్న సంస్థలకు పని అప్పగించి, డ్రైవర్లను ఆ సంస్థలే ఉద్యోగులుగా పెట్టుకునే పద్ధతికి మారింది. సరిగ్గా నేను నిలబడ్డ చోటు అదే. డ్రైవర్‌ను స్వతంత్రుడు అనడం కోర్టులో నిలవకపోతే, ఆ బరువు మోయడానికి మధ్యలో నాలాంటి వాళ్లు కావాలి.

2024 మార్చిలో, నేను ఆశ వదులుకుంటున్న సమయంలో, కంపెనీ అకౌంట్స్ విభాగం నుంచి వాళ్లంతట వాళ్లే ఫోన్ చేశారు. కారణం ఆడిటర్ గారు చెప్పారు. ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) ఆ ఏడాది నుంచే అమల్లోకి వచ్చింది. చిన్న సంస్థలకు 45 రోజులు దాటి బాకీ పడిన మొత్తాన్ని కట్టేదాకా ఖర్చుగా చూపించుకోవడానికి వీల్లేదు. మార్చి 31 దగ్గర పడుతోంది. నాలుగేళ్లలో నాతో బేరం మాట్లాడటానికి కంపెనీ కూర్చున్నది ఆ ఒక్కసారే. బిల్లుల మొత్తం, డిపాజిట్ ఇచ్చారు. ఒప్పుకున్న డెబిట్లు పోను. వడ్డీ వదులుకున్నాను, ఎందుకంటే వ్యాన్ల లోను బ్యాంకు నోటీసు దాకా వచ్చింది.

2025లో కర్ణాటక ప్రభుత్వం గిగ్ కార్మికుల (యాప్‌ల ద్వారా పనిచేసేవాళ్ల) కోసం చట్టం తెచ్చింది. కార్మికుడిని తీసేయాలంటే కారణం రాసివ్వాలి, 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. మంచి చట్టం, మనస్ఫూర్తిగా స్వాగతిస్తాను. ఒకే కంపెనీ మీద బతికే చిన్న వెండర్‌కు కూడా ఇలాంటి రక్షణలే కావాలి: రద్దుకు రాతపూర్వక కారణం, రేటు మార్చేముందు సంప్రదింపు, స్కాన్ రికార్డు చూసే హక్కు, వ్యాన్ల లోను తీరేంత కాలమైనా కాంట్రాక్టు భరోసా. మమ్మల్ని ఉద్యోగులుగా మార్చమని అడగడం లేదు. ధర మీదా మనుషుల మీదా మా మాట చెల్లనిచోట, నష్టం మొత్తం మా మీద వేయకూడదని అడుగుతున్నాను.

ఇప్పుడు మూడు వ్యాన్లతో ఫర్నిచర్ షాపులకు, చిక్కపేటలో బట్టల హోల్‌సేల్ వాళ్లకు సరుకు చేరుస్తున్నాను. ఈ మధ్య నెలమంగల నుంచి కదిరి అబ్బాయి ఒకడు ఫోన్ చేశాడు, వెండర్‌గా చేరుతున్నా అక్కా అని. అగ్రిమెంటు పంపించుకుని చదివాను. రద్దు క్లాజు, రేటు క్లాజు, స్టిక్కరు క్లాజు, ఆర్బిట్రేషన్ క్లాజు దగ్గర గుర్తులు పెట్టి, ఒక్కోదానికి నాకేం జరిగిందో పక్కన రాసి పంపాను. రెండు రోజులు ఆలోచించుకుని సంతకం పెట్టాడు. ఉద్యమ్ నమోదు మాత్రం సంతకానికి ముందే చేయించాను. ప్రతి బిల్లుకూ, ప్రతి డెబిట్ నోట్‌కూ వచ్చిన రోజే జవాబు తన సొంత మెయిల్ నుంచి పంపి కాపీ దాచుకుంటున్నాడు.